వరిగడ్డికి తోడు పచ్చాకు

పాడి పశువు పెద్దపొట్టలో మార్పు తెస్తున్న చెట్ల మేత
మితంగా వాడితే పాలకు మేలు.. మీథేన్‌కు కళ్లెం
గట్టు ఒకరిది, గేదె ఒకరిది కావడమే డెల్టాలో అడ్డంకి

విజయవాడ: కృష్ణా డెల్టాలో వరి పండినంత కాలం ఎండుగడ్డికి లోటుండదన్నది తరాల నాటి నమ్మకం. అయినా ఒకటి రెండు గేదెలతో నెట్టుకొస్తున్న పాడి కుటుంబాలకు మేత బెంగ తీరడం లేదు. గడ్డి పశువు కడుపు నింపుతోందే తప్ప పాలు పెంచడం లేదు. ఆ లోటును దాణాతో పూడ్చుకుందామంటే తవుడు, చెక్కల ఖర్చు పాల మీద వచ్చే ఆదాయంలో పెద్ద వాటానే మింగేస్తోంది. ఈ పరిస్థితుల్లో గట్ల మీద, కాలువల వెంట, పెరళ్లలో పెరిగే చెట్ల ఆకుపై పశుపోషణ శాస్త్రవేత్తలు దృష్టి సారించారు. అవిశ, సుబాబుల్, గ్లైరిసీడియా, మునగ వంటి చెట్ల ఆకును తగిన పాళ్లలో కలిపితే పశువు పొట్టలో మేత పులిసే తీరే మారుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఆకు రైతుకు అక్కరకు రావాలంటే శాస్త్రం ఒక్కటే చాలదు. చెట్టు ఎవరి గట్టు మీద ఉంది, ఆకు ఎవరు కోస్తారు, పాలకు ధర ఏ లెక్కన కడతారు అన్న ప్రశ్నలకూ సమాధానం దొరకాల్సి ఉంది.

వామి నిండా గడ్డి.. సత్తువ అంతంతే

వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతానికి మించవు. పశువు పొట్టలోని సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేయాలంటే మేతలో కనీసం 7 శాతమైనా మాంసకృత్తులు ఉండాలి. పైగా వరిగడ్డిలో సిలికా అధికం. ఆక్సలేట్లు కూడా ఉండటంతో మేతలోని కాల్షియం పశువుకు పూర్తిగా దక్కదు. ఒట్టి గడ్డి మేసే గేదె కడుపు నిండినట్టే కనిపిస్తుంది. కానీ ఆ గడ్డి జీర్ణం కావడానికి ఎక్కువ సమయం తీసుకోవడంతో మళ్లీ మేయలేదు. తిన్నది తక్కువ, ఒంటబట్టింది ఇంకా తక్కువ అన్న స్థితి ఏర్పడుతుంది.

ఈ సంగతి డెల్టా రైతుకు కొత్త కాదు. వరి కోతకు ముందు చేలో జనుము, పిల్లిపెసర విత్తనాలు చల్లి, ఆ పైరును పచ్చిమేతగా వాడుకోవడం ఇక్కడి పాత అలవాటు. ఎండిన జనుమును వరిగడ్డితో కలిపి వామి వేసేవారు. పప్పుజాతి పైరులోని మాంసకృత్తులు గడ్డిలోని లోపాన్ని సరిదిద్దేవి. కోతల తర్వాత మిగిలిన తడిని ధర పలికే మినుముకు మళ్లించిన చోట ఆ పచ్చిమేత తగ్గిపోయింది. కొల్లేరు అంచున కైకలూరు, ముదినేపల్లి వైపు పొలాలు చేపల చెరువులుగా మారడంతో బీళ్లూ కరిగిపోయాయి. వరికోత యంత్రాలు వచ్చాక గడ్డి ముక్కలై పొలంలోనే పడిపోతోంది. దాన్ని బేలర్‌తో కట్టలు కట్టించి ఇంటికి చేర్చుకోవడం మరో ఖర్చు.

సూపర్ నేపియర్, ఏపీబీఎన్-1 వంటి మేలిరకం గడ్డి సాగు మంచి మార్గమే. కానీ దానికి సొంత భూమి, నీరు కావాలి. సెంటు భూమి లేని గేదె యజమానికి ఆ దారి మూసుకుపోయినట్టే.

పెద్దపొట్టలో జరిగేదేమిటి?

గేదెకు, ఆవుకు పొట్టలో నాలుగు అరలు ఉంటాయి. వాటిలో మొదటిదైన పెద్దపొట్టను శాస్త్రవేత్తలు రూమెన్ అంటారు. ఎదిగిన పశువులో ఇది వంద లీటర్లకు పైగా పట్టే పులియబెట్టే తొట్టి వంటిది. గాలి చొరబడని ఈ తొట్టిలో కోటానుకోట్ల బ్యాక్టీరియా, ప్రోటోజోవా, శిలీంధ్రాలు నివసిస్తాయి. మనిషి అరిగించుకోలేని పీచును ఇవే విడగొడతాయి. ఆ క్రమంలో ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు తయారవుతాయి. పశువుకు కావలసిన శక్తిలో అధిక భాగం ఈ ఆమ్లాల నుంచే లభిస్తుంది.

పాడి రైతు ఆదాయానికి, ఈ ఆమ్లాలకు నేరుగా సంబంధం ఉంది. పీచు నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం పాలలో వెన్నకు ఆధారం. ప్రొపియోనిక్ ఆమ్లం పాల దిగుబడికి అవసరమైన చక్కెరను సమకూరుస్తుంది. పాలు పెరగాలని దాణా ఒక్కసారిగా కుమ్మరిస్తే పొట్టలో ఆమ్లత పెరిగి పీచును అరిగించే జీవులు దెబ్బతింటాయి. వెన్న శాతం పడిపోతుంది. గేదె పాలకు ప్రధానంగా వెన్న శాతాన్ని చూసే ధర కడతారు కాబట్టి, దాణాకు పెట్టిన ఖర్చు పాల సేకరణ కేంద్రం వద్ద తిరిగి రాకపోవచ్చు.

పెద్దపొట్టలో మరో నష్టమూ జరుగుతుంది. చెక్కల్లోని ఖరీదైన మాంసకృత్తుల్లో కొంత భాగాన్ని అక్కడి జీవులు అమ్మోనియాగా మార్చేస్తాయి. అవి వాడుకోగా మిగిలిన అమ్మోనియా చివరికి మూత్రంలో యూరియాగా బయటకు పోతుంది. పులిసే క్రమంలో వెలువడే హైడ్రోజన్‌ను మరికొన్ని జీవులు మీథేన్ వాయువుగా మారుస్తాయి. పశువు దాన్ని త్రేన్పుల ద్వారా వదిలేస్తుంది. మేతలోని మొత్తం శక్తిలో 2 నుంచి 12 శాతం వరకు ఇలా గాలిలో కలిసిపోతుందని అంచనా. నాసిరకం పీచు మేతపై ఆధారపడిన పశువుల్లో ఈ నష్టం ఎక్కువ వైపు మొగ్గుతుంది.

ఆకు చేసే పని

చెట్ల ఆకు పెద్దపొట్టలో మూడు రకాలుగా పనిచేస్తుంది. మొదటిది మాంసకృత్తుల సరఫరా. సుబాబుల్, గ్లైరిసీడియా, మునగ, అవిశ ఆకుల ఎండు బరువులో మాంసకృత్తులు 20 శాతానికి పైగానే ఉంటాయి. గేదెకు రోజుకు 5 కిలోల పచ్చి సుబాబుల్ ఆకు వేస్తే, తేమ పోగా మిగిలేది సుమారు 1.4 కిలోలు. అందులో మాంసకృత్తులు దాదాపు 300 గ్రాములు. రోజంతా మేసే 8 కిలోల వరిగడ్డిలో లభించేదీ ఇంచుమించు అంతే. అంటే కొద్దిపాటి ఆకుతో గడ్డిలోని లోటు సగానికి పైగా తీరుతుంది. ఆకుతో అందే నత్రజనితో సూక్ష్మజీవులు పుంజుకుని గడ్డినే మరింత బాగా అరిగిస్తాయి.

రెండోది టానిన్ల ప్రభావం. ఆకుకు వగరు రుచినిచ్చే పదార్థాలివి. పెద్దపొట్టలో ఇవి మాంసకృత్తులను పట్టి ఉంచి, అమ్మోనియాగా మారకుండా కాపాడతాయి. మేత నాలుగో అరకు చేరేసరికి అక్కడి ఆమ్లతకు ఆ పట్టు సడలుతుంది. విడుదలైన మాంసకృత్తులు చిన్నపేగుల్లో నేరుగా పశువుకు దక్కుతాయి. ఫ్యాక్టరీల్లో రసాయనాలతో, వేడితో శుద్ధి చేసి అమ్మే 'బైపాస్ ప్రొటీన్' దాణా చేసే పనినే వగరు ఆకు కొంతమేర సహజంగా చేస్తుందన్నమాట.

మూడోది పులిసే క్రమంపై అదుపు. టానిన్లు మీథేన్ తయారు చేసే జీవులను నేరుగా కొంత అణచివేస్తాయి. కొన్ని ఆకుల్లో ఉండే సపోనిన్లు, అంటే కుంకుడుకాయలో నురగకు కారణమయ్యే జాతి పదార్థాలు, ప్రోటోజోవా సంఖ్యను తగ్గిస్తాయి. ప్రోటోజోవా పశువుకు పనికొచ్చే బ్యాక్టీరియాను తినేస్తాయి. మీథేన్ జీవుల్లో కొన్ని వాటినే అంటిపెట్టుకుని బతుకుతాయి. వాటి సంఖ్య తగ్గితే రెండు విధాలా లాభమే.

మోతాదు మించితే ముప్పే

మేలు చేసే ఆకే పాళ్లు తప్పితే కీడు చేస్తుంది. మొత్తం మేత ఎండు బరువులో టానిన్లు 2 నుంచి 4 శాతం ఉన్నంత వరకు ప్రయోజనమే. 5 శాతం దాటితే పశువు మేత తగ్గిస్తుంది, పీచు అరుగుదల మందగిస్తుంది. తుమ్మ వంటి బాగా వగరైన ఆకుతో ఈ ప్రమాదం ఎక్కువ. మునగలో టానిన్లు తక్కువ కాబట్టి దాన్ని మాంసకృత్తుల కోసమే చూడాలి, మీథేన్ తగ్గింపు కోసం కాదు. చెట్టు మారితే ఫలితం మారుతుంది. ఒకే చెట్టులోనూ లేతాకుకు, ముదురాకుకు తేడా ఉంటుంది.

సుబాబుల్‌తో వచ్చే చిక్కు వేరు. దాని ఆకులో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది. పెద్దపొట్టలో అది డీహెచ్‌పీగా మారి థైరాయిడ్ గ్రంథి పనిని దెబ్బతీస్తుంది. వెంట్రుకలు రాలడం, చొంగ కారడం, మేత మానడం దీని లక్షణాలు. ఆస్ట్రేలియాలో సుబాబుల్ మేసిన పశువులు ఇలాగే జబ్బుపడగా, హవాయి దీవుల్లో అదే ఆకు మేసే పశువులు ఆరోగ్యంగా ఉండటం శాస్త్రవేత్తలను ఆలోచింపజేసింది. హవాయి మేకల పెద్దపొట్టలో ఈ విషాన్ని విడగొట్టే బ్యాక్టీరియా ఉందని 1980వ దశకంలో రేమండ్ జోన్స్ బృందం గుర్తించింది. ఆ పొట్టరసాన్ని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించగా సమస్య చాలావరకు సద్దుమణిగింది. ఆ జీవికి 1992లో ఆయన పేరిటే 'సినర్జిస్టిస్ జోన్సీ' అని పేరు పెట్టారు. పెద్దపొట్టలోని జీవులను మార్చితే మేత విలువే మారిపోతుందనడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

రైతు స్థాయిలో పాటించాల్సిన జాగ్రత్త సులువైనదే. సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు. ఒక కిలోతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో క్రమంగా పెంచాలి. చూడి పశువులకు, దూడలకు మరింత తగ్గించాలి. గ్లైరిసీడియా ఆకు వాసనకు పశువులు మొదట ముఖం తిప్పుకుంటాయి. కోసిన ఆకును కొన్ని గంటలు వాడనిచ్చి, గడ్డితో కలిపి వేస్తే అలవాటు పడతాయి. గన్నేరు, లాంటానా ఆకు విషపూరితం కాబట్టి కోతలో వాటి కొమ్మ ఒక్కటి కూడా కలవకుండా చూసుకోవాలి.

మీథేన్ లెక్క

పశువుల త్రేన్పు ఇప్పుడు అంతర్జాతీయ చర్చగా మారింది. వందేళ్ల లెక్కన చూస్తే మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అయితే వాతావరణంలో దాని ఆయుష్షు సుమారు 12 ఏళ్లే. ఇప్పుడు తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుందన్న ఆశతో ప్రపంచ దేశాలు దీనిపై పడ్డాయి. 2021లో గ్లాస్గో సదస్సు సందర్భంగా వెలువడిన ప్రపంచ మీథేన్ ప్రతిజ్ఞలో భారత్ చేరలేదు. చిన్న రైతుల జీవనాధారంపై భారం పడుతుందన్నదే ఇందుకు ప్రధాన అభ్యంతరం. పశువుల ఉద్గారాలపై 2030 నుంచి పన్ను వేయాలని డెన్మార్క్ నిర్ణయించింది. దాణాలో కలిపే 'బోవేర్' అనే రసాయనానికి ఐరోపా సమాఖ్య 2022లో, అమెరికా 2024లో అనుమతినిచ్చాయి. వందలాది ఆవులకు ఒకేచోట తూకం వేసి దాణా కలిపే డెయిరీ ఫారాలకు సరిపోయే మార్గమది. గడ్డివామి, గట్టు మేతపై బతికే డెల్టా గేదెకు అది కుదరదు.

మన దేశంలో బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మ సంస్థ ఇందుకు వేరే దారి ఎంచుకుంది. టానిన్లు అధికంగా ఉండే మొక్కల పదార్థాలతో 'హరిత్ ధార' అనే మిశ్రమాన్ని తయారుచేసింది. దీన్ని మేపితే మీథేన్ 17 నుంచి 20 శాతం వరకు తగ్గుతుందని 2021లో ప్రకటించింది. చెట్ల ఆకు వెనుక ఉన్న సూత్రమూ ఇదే.

2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గేదెలు సుమారు 62 లక్షలు, ఆవుజాతి పశువులు సుమారు 46 లక్షలు. ఒక్కో పశువు వదిలే వాయువు స్వల్పమే అయినా మొత్తం తక్కువేమీ కాదు. అలాగని ప్రయోగశాల అంకెలను యథాతథంగా నమ్మడమూ పొరపాటే. ఆకులపై జరిగిన పరీక్షల్లో అనేకం గాజు సీసాల్లో పొట్టరసాన్ని పులియబెట్టి చేసినవి. సీసాలో కనిపించిన తగ్గుదల పశువులో అంతే మేరకు కనిపించాలన్న నియమం లేదు. కొన్ని వారాలకు పొట్టలోని జీవులు కొత్త మేతకు అలవాటుపడి ప్రభావం తగ్గే అవకాశమూ ఉంది.

డెల్టాకు సంబంధించినంత వరకు అసలు లెక్క లీటరు పాలకు ఎంత వాయువు అన్నది. రోజుకు 4 లీటర్లిచ్చే గేదె మెరుగైన మేతతో 5 లీటర్లిస్తే, వదిలే వాయువు ఏమాత్రం తగ్గకపోయినా లీటరుకు పడే వాటా ఐదో వంతు తగ్గుతుంది. రైతుకు కావలసింది ఆ అదనపు లీటరు. వాతావరణానికి జరిగే మేలు దాని వెంటే వస్తుంది. ఈ వరుసను తారుమారు చేసి, మీథేన్ భారాన్ని ముందుగా చిన్న రైతు నెత్తిన పెడితే ఏ పథకమూ నిలవదు.

అక్కడ ఆకు.. ఇక్కడ ఆకలి

ఉమ్మడి కృష్ణా జిల్లా భూముల తీరే ఈ విషయంలో విచిత్రం. ప్రస్తుతం ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న నందిగామ, కంచికచర్ల, జగ్గయ్యపేట ప్రాంతాల మెట్ట పొలాల్లో కాగితం మిల్లుల కోసం సుబాబుల్ విస్తారంగా సాగవుతోంది. రైతు అమ్ముకునేది కర్ర. కొమ్మలు, ఆకు పశువుకు చేరేది తక్కువ. దిగువన మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ వైపు వరిగడ్డి ఉన్నా పచ్చిమేత కరువు. మెట్టలో మిగిలే ఆకు డెల్టాలోని లోటుకు సరిగ్గా సరిపోయే సరుకు.

పచ్చి ఆకును లారీకెక్కిస్తే ఉపయోగం లేదు. అందులో 70 శాతానికి పైగా నీరే. నీటికి కిరాయి కట్టినట్టవుతుంది. కర్ర కొట్టిన చోటే ఆకును నీడన ఎండబెట్టి పొడి చేస్తే వంద కిలోలు పాతిక ముప్పై కిలోలకు దిగుతుంది, నిల్వా ఉంటుంది. ఎండబెట్టడం వల్ల మైమోసిన్ కొంత తగ్గడం అదనపు ప్రయోజనం. ధర, బకాయిల వివాదాలతో నలిగిన సుబాబుల్ రైతుకు రెండో ఆదాయం దొరుకుతుంది.

సుబాబుల్‌ను డెల్టాలోనే నాటవచ్చుగా అంటే నేల ఒప్పుకోదు. నీరు నిలిచే మాగాణిలో అది బాగా ఎదగదు. గింజ రాలి కలుపులా వ్యాపించే గుణమూ దానికి ఉంది. డెల్టాకు తగింది అవిశ. తేమకు తట్టుకుంటుంది, త్వరగా పెరుగుతుంది, నీడ పలుచన కావడంతో వరికి పెద్దగా అడ్డురాదు. తమలపాకు తోటల్లో తీగకు ఆసరాగా దీన్ని పెంచడం, కొట్టిన రెమ్మలను పశువులకు వేయడం ఇక్కడి రైతులకు తెలిసిన పనే. అయితే సుబాబుల్‌లా మొదలంటా నరికితే అవిశ కోలుకోదు. పక్క రెమ్మలే కోయాలి. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి చరిత్రలోనే గరిష్ఠంగా నమోదైంది. అటువంటి రోజుల్లో నేల మీది గడ్డి, వామి తడిసి కుళ్లినా ఎత్తున ఉన్న ఆకు మిగులుతుంది. ముంపు ప్రాంతాల్లో చెట్టును మేత బీమాగానూ చూడవచ్చు.

చెట్టు ఎవరిది?

ఇన్ని లాభాలున్నా ఆకు మేత ఎందుకు విస్తరించడం లేదన్న ప్రశ్నకు జవాబు పశువైద్యంలో లేదు, భూమి హక్కులో ఉంది. డెల్టాలో సాగులో పెద్ద భాగం కౌలు మీదే సాగుతోంది. కౌలు ఏటికేడాది మారుతుంది. 2019లో రాష్ట్రం తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కూడా ఒప్పందానికి 11 నెలల గడువునే నిర్దేశించింది. పదకొండు నెలల హక్కుతో ఏళ్ల తరబడి నిలిచే చెట్టును ఎవరూ నాటరు. నాటుదామన్నా భూ యజమాని ఒప్పుకోడు. గట్టు మీద చెట్టు నాటితే భూమిపై హక్కు అడుగుతారేమోనన్న భయం యజమానిది. గేదె ఉన్నవాడికి గట్టు లేదు, గట్టు ఉన్నవాడికి గేదె అక్కర్లేదు.

ఇక మిగిలింది ఉమ్మడి స్థలం. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, వాటి పిల్ల కాలువల గట్లు డెల్టా అంతటా పరుచుకుని ఉన్నాయి. అక్కడి చెట్టుపై జలవనరుల శాఖకు, పంచాయతీకి, ఆకు కోసుకునే కుటుంబానికి మధ్య స్పష్టమైన ఒప్పందం లేకపోతే అది ఎవరికీ చెందనిదై, అందరూ నరికేదై మిగులుతుంది. ఆకు కోతకు పట్టే శ్రమనూ విస్మరించరాదు. ఆ పని ఎక్కువగా ఇంటి మహిళలపైనే పడుతుంది. అదనంగా వచ్చే పాల ఆదాయం ఆ గంటల శ్రమకు సరితూగకపోతే శాస్త్రవేత్త చెప్పిన మేత రెండో వారంలోనే ఆగిపోతుంది.

చేయాల్సింది ఇదీ

ముందుగా స్థానిక పరీక్షలు అవసరం. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల, గరికపాడు, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్న సంస్థలు. డెల్టాలో పెంచే గ్రేడెడ్ ముర్రా గేదెలపై, ఇక్కడి వరిగడ్డితో, ఇక్కడి ఆకుతో ఒక ఈత కాలమంతా పరీక్షించి పాలు, వెన్న శాతం, ఖర్చు లెక్కలను రైతుల ముందు పెట్టాలి. ఏ చెట్టు ఆకులో ఏ నెలలో టానిన్లు ఎంత ఉంటాయో పట్టికగా ఇస్తే మోతాదు చెప్పడం తేలికవుతుంది.

రెండోది ఆకు పొడికి మార్కెట్. కృష్ణా మిల్క్ యూనియన్ వంటి సహకార సంస్థలకు గ్రామగ్రామాన పాల సేకరణ యంత్రాంగం ఉంది. పాలు తెచ్చే దారిలోనే ఆకు పొడి వెనక్కి వెళ్లవచ్చు. మెట్ట ప్రాంత మహిళా సంఘాలు ఎండబెట్టే పని చేపడితే రెండు ప్రాంతాలకూ ఉపాధి. నాణ్యత పరీక్షించి, పాళ్లు ముద్రించిన సంచిలో అందిస్తే మైమోసిన్ భయమూ తగ్గుతుంది.

మూడోది చెట్టుపై హక్కు. కాలువ గట్టుపై అవిశ వరుసలను భూమి లేని పాడి కుటుంబాలకు కొన్నేళ్ల పాటు ఆకు హక్కుతో కేటాయించవచ్చు. భూమిపై హక్కు మారకుండా, ఆకుపై మాత్రమే రాతపూర్వక హక్కు ఇస్తే గట్టు యజమానుల అనుమానాలకూ తావుండదు. గట్టు బలానికి ఇబ్బంది లేని చోట్లను జలవనరుల శాఖ ముందుగా గుర్తించాల్సి ఉంటుంది.

ఆకు ఒక్కటే డెల్టా పాడిని నిలబెట్టలేదు. యూరియాతో మాగబెట్టిన గడ్డి, ఖనిజ లవణ మిశ్రమం, సాగు చేసిన పచ్చిమేత, తగినంత దాణా పక్కన అది ఒక పాలు మాత్రమే. కానీ చెక్కల ధర చేతిలో లేని కుటుంబానికి, సొంతంగా కోసి వేయగలిగిన మాంసకృత్తులు అదొక్కటే. జనుము, పిల్లిపెసరలతో వరిగడ్డి లోపాన్ని దిద్దుకున్న అనుభవం ఈ ప్రాంతానికి ఉంది. ఆ పనిని చెట్టుకు అప్పగించాలంటే, ముందు చెట్టు నీడన గేదె యజమానికి చోటు చూపాల్సింది ప్రభుత్వం, పాల సంఘాలే.